బస్టాపు అద్దం మీద ‘ఆపు’

ఆ బస్టాపు మంచిది కాదని మా వీధిలో అందరూ అనేవాళ్లు. దానికి పక్కగోడలా బిగించిన అద్దం మీద రాత్రికి రాత్రి ఒకే మాట తేలుతుందట — ‘ఆపు’. ఎవరు రాస్తారో తెలియదు. తుడిస్తే పోదు...

మా బాబాయి అద్దాలు బిగించే మేస్త్రి. ఇది ఆయన నోట విన్నదే.

నెలలో మూడుసార్లు ఆ అద్దం మార్చాడాయన. మార్చే ముందు ప్రతిసారీ కిరసనాయిలు పోసి రుద్దాడు, బ్లేడుతో గీకాడు. మంచు పట్టినట్టు తెల్లటి అక్షరాలు... కదిలితే ఒట్టు! అద్దాన్నే ఏదో కొరికి తినేసినట్టు వేలికి గరుగ్గా తగిలేవి.

"రాసేవాణ్ణి పట్టుకో, లేదా పని మానుకో," అన్నాడు కాంట్రాక్టరు.

"దెయ్యాల్ని పట్టడం కూడా నా పనేనా?" అని పిన్ని ముందు చిందులు తొక్కాడు బాబాయి. అయినా నాలుగో అద్దం బిగించిన రాత్రి అక్కడే కాపు కాశాడు.

తెల్లవారుజాముకి పొగమంచు దిగింది. రోడ్డు కనబడదు. అడుగుల చప్పుడు లేదు...

టార్చి వేశాడు. వెలుగు అద్దానికి పట్టిన మంచుకి తగిలి వెనక్కే వస్తోంది.

అద్దం మీద ‘ఆ’ — తిరగబడి, తడితడిగా... బాబాయి చూస్తుండగానే ‘పు’ మొదలైంది. రాసే చెయ్యి మాత్రం లేదు!

భయాన్ని మించి ఒళ్లు మండిపోయింది. "ఇంకెన్నిసార్లు మార్చి చావాలి?" అంటూ అద్దం అవతలికి ఒక్క దూకు దూకాడు.

మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ముఖానికి గుడ్డ, చేతిలో కుంచె... ఒక పెద్దావిడ!

"ముట్టుకోకు నాయనా," గుసగుసగా అంది. "యాసిడ్. ఎముక దాకా పోతుంది. ముప్పై ఏళ్లు దీంతోనే తలుపుల అద్దాల మీద పూలు వేశాను."

"మరి నా ప్రాణం ఎందుకమ్మా తీస్తావు?"

"నా కోడలు మిల్లులో రాత్రి డ్యూటీ దిగి ఇక్కడికొస్తుంది. తొలి బస్సువాడు ఆపడు. కడుపుతో ఉన్న పిల్ల రెండు మైళ్లు నడుస్తోంది. అర్జీలిచ్చాను — చూడలేదు. రంగుతో రాశాను — తుడిచేశారు..."

అంతలో ఒక అమ్మాయి ఆయాసపడుతూ వచ్చి నిలబడింది. లైట్లు కనబడ్డాయి. చెయ్యెత్తింది. బస్సు ఝామ్మని వెళ్లిపోయింది. ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది...

బాబాయి పళ్లు పటపట కొరికాడు. తిన్నగా కాంట్రాక్టరు ఇంటికి నడిచాడు.

"మనిషి పని కాదండీ," అన్నాడు వణుకుతూ. "కళ్లారా చూశాను... అక్షరం పడుతోంది, చెయ్యి లేదు! నన్ను చంపినా ఆ అద్దం ముట్టుకోను."

మధ్యాహ్నానికల్లా ఆ మాట బస్సు డిపోకి పాకింది.

ఇప్పుడు తొలి బస్సు డ్రైవరు, ఎక్కేవాళ్లున్నా లేకపోయినా, అక్కడ ఆపి, మనసులో పది లెక్కపెట్టి మరీ కదులుతాడు.