అందరి మందుల డబ్బా

"ఏమబ్బా, ఆ డబ్బాలో ఏముండాదో చూపించవా? బంగారమేమన్నా దాచినావా?"

సంగీత చెయ్యి చాచింది. వీరేష్ డబ్బాను గుండెకు హత్తుకుని వ్యాను వెనక సీటుకు పరుగుతీశాడు. హిందూపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపే మనిషి పరుగెత్తాల్సిన తీరు కాదది.

"ఫస్ట్ ఎయిడ్ డబ్బా. ఎవరికైనా బాగలేకపోతేనే తెరవల్ల."

"నిన్ను చూస్తాంటేనే నాకు తలనొప్పి వస్తాండాది. తెరువు మరి!"

అది 1999 ఎండాకాలం. ధర్మవరంలో పట్టుచీరలు కొనడానికని పైకి చెప్పుకున్నారు గానీ, అసలు సంగతి వ్యానులో చంటిపిల్లలకు కూడా తెలుసు. అక్కడొక చీరల కొట్టాయన కొడుకు సంగీతను చూడబోతున్నాడు. పక్కింటి కుర్రాడు కదా, బాధ్యత తెలిసినవాడు కదా అని సంగీత నాన్న సంజీవప్ప మందుల పని వీరేష్‌కు అప్పగించాడు. మూడేళ్లుగా ఆ పిల్లను ప్రేమిస్తూ, ఒక్క మాట పెగల్చలేక చస్తున్నవాడికి ఆమె పెళ్లిచూపుల ప్రయాణానికి మందులు సర్దే భాగ్యం పట్టింది! ధర్మవరం చేరేలోగా నోరు తెరవకపోతే సంగీత చెయ్యిదాటిపోయినట్టే.

ముందురోజు మందుల షాపాయన చిన్నప్ప కూడా వాణ్ణి వదల్లేదు.

"ఎంతమంది పోతాండారప్పా?"

"పన్నెండు మంది."

"వాంతుల బిళ్లలు, దుమ్ముకు తుమ్ములొస్తే వేసుకునేవి, చెప్పు కరిస్తే మడమకేసే పట్టీలు... పన్నెండు మందికీ ఇవే జబ్బులా?"

"నువ్వు కట్టియ్యన్నా, ఊరికే సతాయించొద్దు."

దూది వద్దా, టించరు వద్దా అని చిన్నప్ప అడుగుతూనే ఉన్నాడు. వీరేష్ చెవికెక్కితేగా! వాడి కళ్ల ముందు కొత్త చెప్పులు వేసుకున్న సంగీత తప్ప ఇంకో మనిషి లేడు.

సోమందేపల్లి దాటినా సంగీత వాంతి చేసుకోలేదు, తుమ్మలేదు. కిటికీ పక్కన కూర్చుని వీరేష్‌ను ఆటపట్టిస్తూనే ఉంది. పెనుకొండలో కోట చూద్దామని అందరూ దిగారు.

"ఈ మెట్లు నేను చిన్నప్పుడు ఉరుకుతా ఎక్కినా, తెలుసా?" అన్నాడు సంజీవప్ప. ఆ పెద్ద పొట్ట వేసుకుని మళ్లీ ఉరకబోయాడు. నాలుగో మెట్టు మీద ధబ్బున పడ్డాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారింది.

"వీరేషూ, డబ్బా తేప్పా!"

వీరేష్ డబ్బాను వెనక్కు దాచుకున్నాడు. సంజీవప్ప తల్లి కదిరమ్మవ్వ వచ్చి వాడి చేతిలోంచి డబ్బా లాక్కుని తెరిచింది. దూది లేదు, కట్టుగుడ్డ లేదు, టించరు బొట్టైనా లేదు.

"ఇవేమప్పా?"

"వాంతుల బిళ్లలవ్వా."

"మనలో వాంతులు చేసుకునేదెవరు?"

"సంగీతక్క!" అని పిల్లలు ఒక్కసారిగా అరిచారు.

"ఈ మడమ పట్టీలు?"

"సంగీతక్క!"

"తుమ్ములకి?"

"సంగీతక్కే!"

వ్యాను డ్రైవరు కూడా ఈల వేశాడు. వీరేష్‌కు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అవ్వ దోవపక్కన గాయపాకు కోసుకొచ్చి, అరచేతిలో నలిపి కొడుకు మోకాలి మీద పిండింది. సంజీవప్ప కెవ్వుమన్నాడు. ఆ కేకలో కూడా సంగీత గొంతే పైకి వినిపించింది.

"నేనేమన్నా రోగిష్టిదాన్నా? ఊరందరి ముందర నా పరువు తీస్తివి కదా!"

"అది కాదు సంగీతా..."

"మరేంది? చెప్పు!"

ఇంకెక్కడి దాపరికం! వీరేష్ నోట్లోంచి మాట బయటికొచ్చేసింది.

"నీకేమన్నా అవుతాదంటే నాకి కాళ్లూ చేతులూ ఆడవు. మందులు కొనేకి పోతే ఇంకొకరు గుర్తుకే రాలేదు. మూడేండ్లుగా నువ్వంటే నాకి ప్రాణం. నువ్వు ధర్మవరానికి పోవద్దు."

సంగీత చూపు నేలకు దిగింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఈ మాట చెప్పేకి మూడేండ్లా? దానికి మా నాయన కిందపడల్లా?" అని, తండ్రి పక్కన కూర్చుంది. "నాయనా, చీరలు కొందాం పా. ఆ పిల్లోణ్ణి మాత్రం చూసేది లేదు. నాకి ఈ తిక్కోడే కావల్ల."

సంజీవప్ప కూతుర్ని చూశాడు, వీరేష్‌ను చూశాడు. తల్లి వైపు చూస్తే, కదిరమ్మవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఈడ ఎస్టీడీ బూత్ యాడుండాదో చూడప్పా. ధర్మవరం వాళ్లకి ఫోన్ చెయ్యల్ల," అన్నాడు చివరికి.

"మామా!" వీరేష్ వంగి కాళ్లు పట్టుకోబోయాడు.

"ముట్టుకోవద్దు, మంట!" అని సంజీవప్ప కాలు వెనక్కు లాక్కున్నాడు. "నా బిడ్డను బాగా చూసుకుంటావు, అది ఖాయం. మామను ఎట్ల చూసుకుంటావో కూడా ఈపొద్దే తెలిసిపాయ. మీ ఇంటికొచ్చినప్పుడు నా దూది నేనే తెచ్చుకుంటాలేప్పా!"