కంచు యక్షుడి బంగారు సూదులు

తామ్రగిరి కోటకు నీళ్ళు ఆగిపోయాయి. లోయలోని నదినుంచి కొండమీదికి నీళ్ళు తోడే కంచు యక్షుడు ఉన్నట్టుండి కదలడం మానేశాడు. వాడి తలలో ఒక మణి ఉంటుంది. దాని కింద పీఠంమీద నిలిచిన వందలాది బంగారు సూదులే మణి ఆజ్ఞలను కాళ్ళకూ చేతులకూ చేరవేస్తాయి. ఏటా యక్షుణ్ణి కొలువులో నిలబెట్టి, మణిని శుభ్రం చేసి మళ్ళీ పొదుగుతారు. ఈ ఏడు పొదిగినవాడు సేనాపతి ఉగ్రబాహువు. నేరం మాత్రం యంత్రపాలకుడు దండపాణి నెత్తిన పడింది! పౌర్ణమిలోగా యక్షుడు లేవకపోతే అతని తల తీయమన్నాడు రాజు వజ్రకేతు. ఎంత అన్యాయం!

"మా అన్న ఆ మణిని ముట్టుకోనే లేదు!" అని దండపాణి చెల్లెలు కేయూరి మండిపడింది. వినేవాడెవడు? ఆ కోపంతోనే ఆమె కీకారణ్యం దాటింది. దారికడ్డం వచ్చిన కొండచిలువను కాగడాతో అదిలించింది. చివరికి యక్షుణ్ణి తయారుచేసిన కరాళుడనే రాక్షసుడి గుహ చేరి, మణి పొదిగే తీరు నేర్పమంది.

కరాళుడు ఒక మణినీ, సూదుల పీఠాన్నీ ఆమె ముందు పెట్టాడు. "సరిగ్గా పొదుగు. ఒక్క సూది వంగినా నిన్ను నమిలేస్తాను."

కేయూరి మణిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక మూల చిన్న త్రికోణం గుర్తు ఉంది. పీఠానికీ ఒక మూల అలాంటిదే ఉంది. రెండు గుర్తులూ కలిసేలా మణిని మెల్లగా వదిలింది. అది తనంతట తానే కూర్చుంది.

"భేష్! కొన్ని సూదులు శక్తిని తెస్తాయి, కొన్ని దాన్ని వెనక్కి పంపుతాయి, కొన్ని కబుర్లు మోస్తాయి. ఏ సూది చోటు దానిదే. మణిని తిప్పి పెడితే కూర్చోదు, బలవంతంగా నొక్కితే సూదులు వంగుతాయి. ఇంతకీ నా యక్షుణ్ణి ఏం చేశారు మీవాళ్ళు?" అని గర్జించాడు రాక్షసుడు.

"అదే వెళ్ళి వాళ్ళను అడగబోతున్నాను," అంది కేయూరి.

పౌర్ణమినాటికి ఆమె కొలువు చేరింది. అప్పటికే దండపాణిని సంకెళ్ళతో అక్కడికి తెచ్చారు. యక్షుడి తల తెరిచి చూసి నివ్వెరపోయింది. మణి గుర్తు పీఠం గుర్తుకు కాక, సింహాసనానికి ఎదురుగా ఉంది.

"గుర్తు రాజుగారి వైపు ఉండాలి. అది మర్యాద," అన్నాడు సేనాపతి మీసం దువ్వుతూ. "కూర్చోకపోతే పిడికిలితో నాలుగు గుద్దాను."

"మర్యాదా! ఊళ్ళో పసిపిల్లలు నాలుక పిడచకట్టి ఏడుస్తున్నారు. మీరు గుద్ది వంచిన సూదులకు మా అన్న తల తీస్తారా?"

కేయూరి సన్నని వెదురుపుల్లతో వంగిన సూదులను ఓపికగా నిలబెట్టి, గుర్తుకు గుర్తు కలిపి మణిని వదిలింది. యక్షుడు లేచి నదివైపు నడిచాడు. కాలువల్లో నీళ్ళు పరుగెత్తాయి.

"ఏం కావాలో కోరుకో, తల్లీ," అన్నాడు రాజు.

"మా అన్న సంకెళ్ళు మీ చేతులతో విప్పండి, ప్రభూ. ఇక్కడే, అందరి ముందూ."

రాజు సింహాసనం దిగి, దండపాణి కాళ్ళ దగ్గర కూర్చుని సంకెళ్ళు విప్పాడు. కేయూరిని మంత్రిగా నియమించాడు. ఉగ్రబాహువు చేతులు జోడించి ఆమె ముందుకొచ్చాడు.

"నాకెందుకు? మా అన్నకు చెప్పండి క్షమాపణ," అంది కేయూరి.