ఊపిరి ఎవరిది

"మళ్ళీ."

అద్దానికి అవతల హీరో హెడ్‌ఫోన్స్‌ను ఒక చెవి మీంచి పక్కకి జరిపాడు.

"పొద్దున్నుంచీ ఇదే మాట మేడమ్. ఇంట్లో కూడా ఇంతేనా మీరు?"

"స్టూడియో అంతా నన్ను 'మళ్ళీ మేడమ్' అని పిలుస్తుంది. వెనకాల మీరూ అదే అంటున్నారని తెలుసు."

సౌండ్ ఇంజనీరుగా ఈ సినిమా మొత్తానికి అతని గొంతును రికార్డు చేసింది ఆమే. ఇక మిగిలింది ఒక్క సీను. చనిపోతున్న తల్లి మంచం పక్కన కొడుకు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తాడు. దానికి గొంతు ఇచ్చేస్తే రేపట్నుంచి అతను ఇటు రాడు. అది తలుచుకుంటే ఆమెకు ఈ సీను పూర్తిచెయ్యబుద్ధి కావడం లేదు.

"ఈ సీనుకి హాలంతా ఏడుస్తుంది. కావాలంటే రాసిస్తాను," అన్నాడు.

"మీ మొహం చూసి ఏడుస్తారు. నాది చెవుల ఉద్యోగం. నటించే ముందు మీరొక చిన్న ఊపిరి పీలుస్తారు. సినిమా పొడుగునా దాన్ని కత్తిరించి పారేస్తున్నాను. నిజం చెప్పేటప్పుడు అది ఉండదు."

"నేను నిజం చెప్పగా ఎప్పుడు విన్నారు?"

"కాఫీలో పంచదార ఎక్కువైందన్నప్పుడు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"లోపల ఇంకేం మిగల్లేదు మేడమ్. చిన్నప్పుడు రోజూ సాయంత్రం అమ్మ నా చేత కళ్ళు మూయించి ప్రార్థన చేయించేది. నేను ఒంటికన్నుతో అమ్మనే చూస్తూ భక్తి ఒలకబోసేవాణ్ణి. నా మొదటి వేషం అదే. అమ్మ పొంగిపోయేది. చివర్లో ఆస్పత్రిలో కూడా చెయ్యమంది. చేశాను. నర్సు కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అమ్మ ఒక కన్ను తెరిచి, 'బాగా చేశావురా' అంది. ప్రార్థన గురించి అందో, నటన గురించి అందో. అడిగేలోపే పోయింది."

ఆమె చెయ్యి మీటల మీదే ఉండిపోయింది.

"ఆ తర్వాత ఏడుపు సీనొస్తే చాలు, ఆ మంచాన్ని గుర్తుచేసుకునేవాణ్ణి. కన్నీళ్ళ హీరో అన్నారు జనం. వాడివాడి అదీ అరిగిపోయింది. ఇప్పుడు అమ్మను తలుచుకుంటే ముందు కెమెరా ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను. దేవుడితో మాట్లాడబోయినా డైలాగులాగే వస్తోంది."

ఆమె రికార్డింగ్ లైటు వేసి, తన మాట అవతలికి వినిపించే బటన్ నొక్కింది. "ఇంకోసారి చూద్దాం."

అతను సీను ఆడుతున్న తెరవైపు తిరగలేదు. అద్దంలోంచి ఆమెనే చూశాడు.

"రేపట్నుంచి నాకు 'మళ్ళీ' అనేవాళ్ళుండరు. ఆ మాట కోసమే సగం టేకులు పాడుచేశాను."

ఆమె చెవుల్లో సన్నటి ఊపిరి వినపడింది.

"మీరంటే నాకిష్టం."

"ఊపిరి వినపడింది," అంది ఆమె. అలవాటు పడ్డ నోరు మిగతాదీ అనేసింది. "మళ్ళీ."

అతని మొహం పాలిపోయింది.

"నాకూ వినపడింది. అయితే ఇదీ వేషమేనన్నమాట. నాకే తెలియడం మానేసింది." తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

అతని మైకులో రికార్డయిందాన్ని ఆమె వెనక్కి తిప్పి విన్నది. మాటకు ముందు ఏమీ లేదు. ఇంకోసారి విన్నది. అయినా లేదు. మరి తను విన్నదేమిటి? చూపు బటన్ మీదకు వెళ్ళింది. వేలు అప్పటికీ దాన్ని నొక్కే ఉంది. తన వైపు మైకు ఇంతసేపూ తెరుచుకునే ఉంది.

రెండేసి మెట్లు దిగి పరిగెత్తింది.

బయట వాన దంచుతోంది. గేటు దగ్గర గొడుగుల కింద అభిమానులు ఫోన్లెత్తి నిలబడ్డారు. "ఒక్కసారి ఏడవండి సార్," అని ఎవరో అడిగారు. అతను ఏడ్చి చూపిస్తున్నాడు. అభిమానులు ఈలలు వేశారు.

ఆమె తడుస్తూ వెళ్ళి చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆ ఊపిరి నాది."

"ఏంటి?"

"బటన్ మీంచి వేలు తియ్యలేదు. మీరేం చెప్పబోతున్నారో తెలిసి నేనే పీల్చాను. మీ మైకులో ఏమీ లేదు."

డాక్టర్ని అడిగినట్టు అడిగాడతను. "అంటే నాది నిజమేనా?"

"నా చెవుల మీద ఒట్టు."

ఇద్దరూ తడి బట్టలతోనే పైకి వచ్చారు. మైకు ముందు నిలబడి అతను తల అడ్డంగా ఊపాడు.

"అమ్మ లేదు. దేవుడున్నాడో లేదో తెలీదు. ఎవరికని చెప్పను?"

"తెర ఆపేశాను. మాట పెదాల కదలికకు సరిపోయిందో లేదో తర్వాత చూసుకుందాం. కళ్ళు మూసుకోండి. నేనూ మూసుకుంటాను. చూసేవాళ్ళెవరూ ఉండరు."

అతను మొదలుపెట్టాడు. మాటలు తడబడ్డాయి, సగంలో ప్రార్థన పోయి "అమ్మా" ఒక్కటే మిగిలింది. ఏ హాల్లోనూ పనికిరాని ఏడుపు అది. మాటకు ముందు ఆ చిన్న ఊపిరి లేదు.

ఆమె ఉండబట్టలేక ఒక కన్ను తెరిచింది.

అద్దానికి అవతల, తడిసి ముద్దయిన మొహంలోంచి అతనూ ఒంటికన్నుతో ఆమెనే చూస్తున్నాడు.

ఏడుపులోంచే నవ్వొచ్చింది అతనికి. "మళ్ళీనా మేడమ్?"

ఆమె ఈసారి చూసి మరీ బటన్ నొక్కింది.

"వద్దు. బాగా చేశావు."