కూర్చున్నామె రాయి

సియాజాకి ముప్పై ఎనిమిదేళ్ళు. టీ తాగేటప్పుడు కప్పుని రెండు అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పుతూ ఉంటుంది.

ఉత్తరాన ఆమె ఊరి ముందు గడ్డకట్టే జలసంధికి పటాల్లో ఎవరో తెల్ల నావికుడి పేరుంది. ఒక్క వేసవి ఓడలో తిరిగి, తన పేరు తగిలించి పోయాడు. మంచు కింది నేలకి పేర్లు పెట్టింది మాత్రం ఆడవాళ్ళు. చలికాలం చివర్లో పెద్ద ఆటు వస్తే నీళ్ళు వెనక్కి పోతాయి, మంచు పైకప్పులా నిలబడిపోతుంది. దానికి గుంత కొట్టి, కిందికి దిగి, నీళ్ళు తిరిగొచ్చేలోగా ఆల్చిప్పలు ఏరుకోవాలి. ఆ కాసేపటి నేలలో గుర్తులు మూడు రాళ్ళే. గుంత కింద కెటిల్, తర్వాత అత్తగారి నడుము, అన్నిటికన్నా లోపల కూర్చున్నామె. మోకాళ్ళు ముడుచుకున్న మనిషిలాంటి నల్లరాయి అది. దాన్ని దాటి ఎవరూ పోరు.

ఒక మధ్యాహ్నం సియాజా మొగుడు పుటులిక్ గుంత కొట్టి తాడు వదిలాడు.

"ఈసారి పెద్దవి ఏరవే. పోయినసారివి నీ మొహంలా ఇంతింతే ఉన్నాయి."

"నా మొహం ఎంతుంటుందో నీకెట్లా తెలుసు? పెళ్ళిలో కూడా నా బూట్లే చూశావు."

అతను నవ్వాడు.

"గుంత దగ్గరే ఉండు. నీళ్ళ చప్పుడు వినపడగానే పిలువు," అంది సియాజా.

"ఎక్కడికి పోతానే? నువ్వు లేకపోతే నాకు వండేదెవరు?"

కింద ఉప్పు వాసన, కుళ్ళిన నాచు వాసన. నెత్తిన మంచు మూలుగుతోంది. టార్చి వెలుగులో ఏరుకుంటూ నడుము రాయి దాటింది. సంచి సగం నిండింది. తలెత్తి చూసింది.

కూర్చున్నామె లేదు.

ఆ చోట ఒక గుంట. అందులో కాసిని నీళ్ళు. అక్కడి నుంచి నాచు నలిగి ఉంది... అడుగుల్లాగా... పైకి వెళ్ళే దారి వైపు.

దూరంగా పైనుంచి పుటులిక్ గొంతు వినిపించింది.

"వచ్చేశావా? రా, బండెక్కు."

"పుటులిక్!"

పైన బండి కదిలిన చప్పుడు. వెనకాల నీళ్ళ చప్పుడు... సంచి వదిలేసి పరిగెత్తింది. కెటిల్ ఎక్కింది. తాడు లేదు. చుట్టుకుని పట్టుకుపోయాడు. నీళ్ళు సియాజా నడుము దాకా వచ్చాయి. ఆల్చిప్పలు ఊడదీసే కత్తిని మంచు అంచులో దిగేసి, గోళ్ళు విరిగేలా పాకి బయటపడింది.

పైన ఎవరూ లేరు. ఎటు చూసినా తెలుపు. ఊరి వైపు మంచు బండి జాడ ఒక్కటే. ఆ జాడ పట్టుకుని, బట్టలు ఒంటి మీదే గడ్డకడుతుంటే, నడిచింది. ఆమె ఏమైందోనని ఎదురొచ్చిన మనిషి లేడు.

ఇంటి కిటికీ అద్దంలోంచి చూసింది. పుటులిక్ కంచంలో తల దూర్చి తింటున్నాడు. ఎదురుగా, కిటికీకి వీపు పెట్టి, సియాజా కోటులాంటి కోటుతో ఒకామె. కుర్చీ కింద నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. అరచేతుల మధ్య కప్పు గుండ్రంగా తిరుగుతోంది.

"ఏమే, ఇవాళ నోరు లేవడం లేదు?" అన్నాడు పుటులిక్, తలెత్తకుండానే. "హాయిగా ఉందిలే."

సియాజా అద్దం తట్టబోయి చెయ్యెత్తింది.

కప్పు ఆగింది. కుర్చీలో ఆమె మెల్లగా... తల తిప్పడం మొదలుపెట్టింది.

ఆ మొహం చూడటానికి సియాజా ఆగలేదు. మర్నాటి విమానంలో వేరే ఊరికి పోయింది. అక్కడ కోట్లు కుట్టుకుని బతుకుతోంది. పెళ్ళాం కనపడటం లేదని పుటులిక్ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సియాజా టీ మానేసింది.