పంజరం తెరిచినా రాని పిల్ల

ప్రాణాలకు తెగించి కోట గోడ ఎక్కి, రాక్షసరాజును మట్టి కరిపించి, పంజరం తలుపు బద్దలు కొడితే, లోపలున్న వైద్యురాలు కదలదు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంటుంది. అప్పటికి నలభైసార్లు అలాగే జరిగింది.

వీడియో గేముల కంపెనీలో నా పని తప్పులు పట్టడం. విడుదలకు ముందు ఆటను ఆడి ఆడి, ఎక్కడ చెడిందో రాసి పంపాలి. మూడేళ్ళలో నేను పట్టిన తప్పును కాదన్నవాళ్ళు లేరు. తప్పులబ్బాయి అని పిలిచేవాళ్ళు, నాకది బిరుదులా ఉండేది. ఆ ధీమాతోనే రాశాను: రాక్షసులు ఎత్తుకుపోయిన వైద్యురాలు విడిపించినా బయటికి రావడం లేదు, వెంటనే సరిచేయండి.

గంటలో పై అంతస్తు నుంచి జవాబు వచ్చింది. తప్పేం లేదట, రావాలో వద్దో వైద్యురాలి ఇష్టమట.

నాకు ఒళ్ళు మండింది. రాసింది కథలమ్మాయి. ఆటలో అందరి మాటలూ రాసేది ఆమే. మనిషిని చూడలేదు గానీ పొగరు మాత్రం బాగా తెలిసింది. నేను మళ్ళీ పంపాను, ఆమె మళ్ళీ కొట్టేసింది. రెండు వారాల్లో తొమ్మిదిసార్లు ఇదే తంతు. బొమ్మకి ఇష్టమేంటండీ అని నేను రాస్తే, బొమ్మ మీద అంత కోపమేంటండీ అని ఆమె రాసేది. నిజం చెప్పొద్దూ, ఆఫీసుకి రాగానే ముందు ఆ జవాబే వెతుక్కునేవాణ్ణి.

విడుదల రోజు మూడింటికి మేనేజర్ కబురు పెట్టాడు. ఐదింటిలోగా ఈ తగువు తేలకపోతే వైద్యురాలి కథ మొత్తం ఆటలోంచి తీసేస్తాడట. అంటే కథలమ్మాయి రెండేళ్ళ కష్టం బుట్టదాఖలే.

ఐదు నిమిషాల్లో ఆమె మా గదిలో ఉంది. మెట్లు పరుగున దిగినట్టుంది, రొప్పుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పలకరింపు లేదు, ఏమీ లేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని ఆడి చూపించమంది.

రెచ్చిపోయి ఆడాను. వంతెన కూలుతుంటే దూకాను. ఇద్దరు రాక్షసుల్ని ఒక్క వేటుకి పడగొట్టాను. పక్కన ఆమె ఊపిరి బిగబట్టింది, నాకు ఇంకా హుషారు వచ్చింది. పంజరం పగిలింది. అలవాటు కొద్దీ నా బొటనవేలు మీట నొక్కింది.

"ఆగండి. ఇప్పుడేం నొక్కారు?"

మాటలు దాటేసే మీట. ఒకే ఆట వందసార్లు ఆడేవాళ్ళం మాటలు వినం, వింటూ కూర్చుంటే పని తెమలదు. ఆ సంగతే చెప్పాను.

"ఆ పిల్ల మిమ్మల్నొక మాట అడుగుతుందండీ. జవాబు చెప్పకపోతే ఎలా వస్తుంది?"

ఈసారి మీట జోలికి పోలేదు. పంజరంలో పిల్ల తలెత్తి, నా కోసం వచ్చావా, గెలుపు కోసం వచ్చావా అని అడిగింది. నీ కోసమేనన్న జవాబు నొక్కగానే లేచి వచ్చేసింది. నాకు తల తీసేసినట్టయింది.

కథలమ్మాయిని వెంటబెట్టుకుని మేనేజర్ గదికి పరుగెత్తాను. తప్పు నాదేనని పదిమంది ముందు ఒప్పుకున్నాను. చెవులు కాలిపోయాయి గానీ చెప్పేశాను. ఆయన కరగలేదు. ఆడేవాళ్ళూ నీలాగే మాటలు దాటేస్తారు కదా, తీసేయక తప్పదన్నాడు.

"దాటేస్తే ఆ పిల్ల చేత మళ్ళీ అడిగించండి సార్. ఒక్క వాక్యం చాలు," అన్నాను.

గడియారం నాలుగున్నర. కథలమ్మాయి అక్కడే నిలబడి వాక్యం రాసింది, ప్రోగ్రామర్ దాన్ని ఆటలోకి ఎక్కించాడు. నేను కూర్చునేసరికి ఐదింటికి పదిహేను నిమిషాలుంది. వంతెన మీద కాలు జారి చచ్చాను, మళ్ళీ మొదలెట్టాను. ఆఫీసంతా నా వెనకే నిలబడింది. ఇంకో మూడు నిమిషాలే ఉందనగా పంజరం పగలగొట్టి, కావాలనే మాటలు దాటేశాను. పిల్ల గోడవైపు తిరగలేదు. సరాసరి నా మొహంలోకి చూసి, మళ్ళీ అడుగుతున్నా, ఈసారి చెప్పే కదులు, అంది. చెప్పాను. వచ్చింది.

గది ఈలలతో హోరెత్తిపోయింది. కథలమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. కథ ఉంటుందని మేనేజర్ అనేదాకా వదల్లేదు.

అందరూ వెళ్ళాక మెట్ల దగ్గర ఆమెను ఆపాను.

"రేపట్నుంచి మీతో పోట్లాడ్డానికి ఏమీ ఉండదు. నాకు దిగులుగా ఉందండీ. మీరంటే నాకిష్టం."

ఆమె కాసేపు రెయిలింగ్ గోకింది. నేను రాసినవన్నీ రోజూ అన్నాల దగ్గర వాళ్ళమ్మకి చదివి వినిపించేదట. మొదటి వారమే ఆవిడ, ఈ అబ్బాయిని ఒకసారి తీసుకురావే, చూస్తాను అందట.

"మరి మీరేమన్నారు?"

ఆమె ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఆదివారం భోజనానికి వస్తున్నాడు," అంది.

ఆదివారం నాకు వీలవుతుందో లేదో అడగనైనా అడగలేదు. సరేనని తలూపాను.