పురుగు లేదు సార్!

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు కుప్పలు పోసి అమ్మే దుకాణం ముందు రామచంద్రరావు ఆగాడు. హాస్టళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు భుజాలు రాసుకుంటూ గ్రూప్స్ మెటీరియల్ తిరగేస్తున్నారు. యాభై దాటిన ఈ మనిషికి ఇక్కడేం పని అని ఒక్కరూ తలెత్తి చూడలేదు. గూఢచారికి అంతకంటే ఏం కావాలి? అయినా అప్పుడప్పుడు ఎవరైనా చూస్తే బాగుండునని అతనికి అనిపించేది.

"జనరల్ స్టడీస్ పాత ఎడిషన్ ఉన్నదా?"

దుకాణం దాసయ్య కళ్ళజోడు మీదుగా చూశాడు. "పాత సిలబస్‌తోని ఏం జేస్తరు సారు? కొత్త నోటిఫికేషన్ పడ్డది."

కోడ్ కలిసింది. దాసయ్య పుస్తకాల వ్యాపారి కాదు, రహస్య విభాగంలో రామచంద్రరావుకి పై అధికారి. కాకపోతే వేషం మరీ బాగా కుదిరి, ఈ మధ్య దుకాణానికి లాభాలు కూడా వస్తున్నాయి.

"పోటీ విత్తన కంపెనీ ఏజెంటు, అంబర్, దిగిండు," అన్నాడు దాసయ్య, ఓ పుస్తకానికి దుమ్ము దులుపుతూ. "ఇయ్యాల కాచిగూడ గోదాంల మీ వరి విత్తనం కంటైనర్‌కు ఎక్కుతున్నది గదా? దాంట్ల ఖప్రా పురుగు వదుల్తడట."

రామచంద్రరావు చేతిలోకి తీసుకున్న పుస్తకం కింద పెట్టేశాడు. బయటి దేశాలకు వెళ్ళే గింజలు, మొక్కలు, పూలు తెగుళ్ళు లేనివని ప్రభుత్వం తరఫున సర్టిఫికెట్ ఇచ్చే కార్యక్రమానికి అతనే అధిపతి. నారాయణగూడలో ఆఫీసు. ఆ ఉద్యోగం మొదట్లో ముసుగు మాత్రమే. ఏళ్ళు గడిచేసరికి అసలు మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా పోయాడు, ముసుగే మిగిలింది. ఖప్రా సంగతి అతనికి బాగా తెలుసు. దాని పిల్లపురుగు తిండి లేకుండా బస్తా కుట్టు సందులో ఏళ్ళకేళ్ళు ఒంటరిగా పడి ఉంటుంది. కొత్త ఇన్‌స్పెక్టర్లకు ఆ పాఠం చెప్పినప్పుడల్లా అతనికి చిక్కడపల్లిలోని తన ఫ్లాటు గుర్తొచ్చేది.

"ఒక్క పురుగు అవతలి ఓడరేవుల దొరికితే ఆ దేశం మన విత్తనం మొత్తానికే తలుపు మూస్తది," అన్నాడతను. "రైతులు ఆగమైతరు."

"మనకు మూసిన తలుపు అంబర్ కంపెనీ విత్తనానికి తెరుస్తరు. అదే వాని స్కెచ్." దాసయ్య గొంతు తగ్గించాడు. "ఇంకో ముచ్చట. మీ ఆఫీసుల వాళ్ళ మనిషి ఒకరున్నరు. పేరు తెల్వదు. ఈ మధ్య మీతోని దోస్తీ చేసిందెవరో చూస్కోన్రి, రావ్ సాబ్."

ఇంత తేలికైన ప్రశ్న దాసయ్య ఎన్నడూ వేయలేదు. రామచంద్రరావుతో స్నేహం చేసింది లోకం మొత్తం మీద ఒక్కరే.

ఆమె పేరు స్వర్ణ. ఇన్‌స్పెక్టర్. పెద్ద పెద్ద బుట్టకమ్మలు, ఇస్త్రీ మడత నలగని చీర, మెట్లెక్కకముందే పైకొచ్చే సెంటు వాసన. ఆమె వచ్చే వేళకు ఆఫీసులో అందరూ కుర్చీల్లో నిటారుగా కూర్చునేవారు. అలాంటి మనిషి మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెచ్చుకుని సరాసరి రామచంద్రరావు గదిలోకి వచ్చేది. "ఒక్కరే ఏం తింటరు సార్" అనేది. అతని ఇంట్లో బల్ల దగ్గర రెండు కుర్చీలున్నాయి. రెండోది బట్టలు వేసుకోవడానికే పనికొచ్చింది. ఓ ఆదివారం దాని మీది బట్టలన్నీ తీసి శుభ్రంగా తుడిచాడు, ఆమెను భోజనానికి పిలుద్దామని. పిలవడానికి మాత్రం నోరు పెగల్లేదు.

చేరిన రోజే ఆమెకు అతను నేర్పిన మాట ఒకటుంది. "'పురుగు లేదు' అని ఎన్నడూ అనొద్దు. 'పురుగు కనబడలేదు' అనాలె. మనం చూసింది పిడికెడు గింజలు. మిగిలిన బస్తాల ఏమున్నదో ఎవరికి ఎరుక?" ఆఫీసులో ఆ మాట ఎంత ఇంకిపోయిందంటే, చాయ్‌లో చక్కెర ఉందా అని అడిగితే అటెండర్ ఎల్లేశం డబ్బాలో తొంగి చూసి "కనబడలేదు సార్" అనేవాడు.

మధ్యాహ్నం కంప్యూటర్ ముందు రామచంద్రరావు తన డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి కూర్చున్నాడు. మీట నొక్కితే సర్టిఫికెట్ తయారు. ఫోన్ మోగింది.

"సార్, స్వర్ణను. గోదాంలున్న. కంటైనర్ చూసిన. పురుగు లేదు సార్."

అతని వేలు గాలిలో ఆగిపోయింది. "ఏమన్నవు?"

"పురుగు లేదు సార్. సంతకం పెట్టున్రి."

ఫోన్ కట్టయింది.

అబద్ధం చెప్పే కంగారులో నేర్చిన మాట మర్చిపోయిందన్నమాట. దాసయ్య చెప్పిన మనిషి ఈమే. సంతకం పెడితే రేపు కూడా ఆ టిఫిన్ బాక్సు తన బల్ల మీదికి వస్తుంది. పెట్టకపోతే రాదు. అంత పెద్ద ఏజెంటూ కాసేపు నిజంగానే ఆ మీట వంక చూస్తూ కూర్చున్నాడు. చివరికి పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు.

కాచిగూడలో ఆటో దిగింది రామచంద్రరావు కాదు. మాసిన లుంగీ, తలకు తువ్వాల, పాలమూరు నుంచి పనికొచ్చిన హమాలీ. జేబులో భూతద్దం, అందులో సన్నటి కెమెరా. అది చూసే ప్రతిదీ దాసయ్య ఫోన్‌లో కనిపిస్తుంది.

గోదాములో లోడింగ్ సాగుతోంది. కంటైనర్ తలుపు పక్కన స్వర్ణ నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. రామచంద్రరావు వీపున బస్తా వేసుకుని వంగి ఆమె ముందు నుంచే నడిచాడు. ఆమె చూపు అతని మీద పడింది, ఆగింది, పక్కకు తప్పుకుంది.

కంటైనర్ లోపల, పొగ మందు వేసే కాంట్రాక్టర్ యూనిఫారంలో అంబర్. చేతిలో చిన్న గాజు సీసా. దాని అడుగున గోధుమరంగు నూగు పురుగులు మెల్లగా కదులుతున్నాయి. బిరడా మీద వేలు పెట్టాడు.

వీపు మీది బస్తా చాటు నుంచి రామచంద్రరావు భూతద్దం ఎత్తాడు. అద్దం తళుక్కుమంది. అక్కడే దెబ్బతిన్నాడు.

"కౌన్ హై తూ?" అంబర్ రెండో చేతిలోకి సైలెన్సర్ పిస్టల్ వచ్చింది.

హమాలీ వీపు విదిల్చాడు. బస్తా వెళ్ళి పిస్టల్ చేతి మీద ధబ్బున పడింది. తూటా పైకప్పులో దిగింది. గాజు సీసా ఎగిరి తలుపు వైపు, బయటికి, సిమెంటు నేల మీదికి వెళ్తోంది. రామచంద్రరావు దాని వెనకే దూకి తువ్వాల పరిచాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి కానీ సీసా తువ్వాలలో మెత్తగా పడింది. బిరడా ఊడలేదు.

వెనక అంబర్ పిస్టల్ అందుకుంటున్న చప్పుడు. ఇక అయిపోయిందనుకున్నాడు.

దభేలుమంది. ఉలిక్కిపడి తిరిగి చూస్తే కంటైనర్ తలుపులు మూసుకుని ఉన్నాయి. వాటికి అడ్డంగా కడ్డీ దించుతోంది స్వర్ణ.

అది దించి, ఎడమ చెవి కమ్మ పీకి కాలి కింద వేసి నలిపింది. "దీంట్ల మైకున్నది సార్. నేనేం మాట్లాడినా వాడు వింటుండె. మీకు ఇంకెట్ల చెప్పాలె?"

"అయితే ఫోన్‌ల అన్న మాట..."

"కావాలనే అన్న. మీరు నేర్పిన మాట నేను మర్చిపోతనా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొదట్ల నేను వాళ్ళ మనిషినే సార్. వాళ్ళు పంపితేనే మీ దగ్గర చేరిన. అన్నం తినుడు మాత్రం వాళ్ళు చెప్పలే."

రామచంద్రరావుకి సిగ్గేసింది. "నోరు జారిందనుకున్న."

"వచ్చిన్రు గదా. సాలు."

వీధి మలుపులో దాసయ్య జీపు హారన్ వినిపించింది. అతని చేతికి చిక్కితే ఆమెకు జైలు. అంబర్ మనుషులకు చిక్కితే తూటా.

"ఎటు పోతవు?"

"చెప్తే మీరు అబద్ధమాడాల్సొస్తది సార్."

రామచంద్రరావు ఆమె వైపు వీపు తిప్పాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, నేల మీది బస్తా కుట్టును శ్రద్ధగా పరిశీలించసాగాడు. వెనక చెప్పుల చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు. అద్దంలో గింజలు మసకబారాయి. తుడిచినా తేటపడలేదు, తప్పు అద్దానిది కాదు.

సాయంత్రానికి అంబర్ బేడీలతో బయటికొచ్చాడు. రామచంద్రరావు ప్రతి బస్తా కుట్టూ స్వయంగా మళ్ళీ చూసి సంతకం పెట్టాడు. కంటైనర్ ఓడరేవు దారి పట్టింది. పత్రికల్లో ఒక్క ముక్క రాదు. అతనికి అలవాటే.

చిక్కడపల్లిలో ఇంటి తాళం తీసి, అన్నం పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురుగా తుడిచిన కుర్చీ. దాని మీద ఇవాళ కూడా బట్టలు వేయలేదు. ముద్ద నోట్లో పెట్టుకునేలోపే ఫోన్ మోగింది.

"రావ్ సాబ్, స్వర్ణ కోసం పట్నమంత గాలిస్తున్నం. మీ తాన ఉన్నదా?"

అతను కుర్చీ వైపు చూశాడు.

"కనబడలేదన్నా."

"కనబడలేదా, లేదా? జర సాఫ్ చెప్పున్రి."

"'లేదు' అనే మాట మా ఆఫీసుల కనబడదన్నా."