ఓదెలు పేరు మీద మొగిలి గుండె

"తాయెత్తు తియ్యి. ఊపిరి బిగబట్టు."

సమ్మయ్య నోటికి అలవాటైపోయిన మాటలు. ధూళిద్వారం, అదే ఛాతీలోపల చూసే యంత్రం, మనిషి చుట్టూ తిరిగి ఆగింది. ఊపిరితిత్తుల్లో బొగ్గుదుమ్ము ఎంతుందో అది తేల్చాకే ఎవడైనా గనిలోకి దిగేది.

తెర మీద పేరు ఓదెలుది. నిలబడ్డది అతని బావమరిది మొగిలి. ఓదెలు ఊపిరితిత్తులు ఎప్పుడో నల్లబడ్డాయి, నిజం చూపిస్తే పని పోతుంది. అందుకని ఏటా మొగిలి తన వంతు అయ్యాక, బావ వంతుకూ ఛాతీ అరువిస్తాడు. గనిలో ఇది కొత్తేం కాదు. మసి ముఖాలు యంత్రానికి ఆనవు, అందుకే ఒక మనిషిని కూచోబెట్టారు, అతణ్ని అది "పేరు సరేనా?" అని అడుగుతుంది. సమ్మయ్య "సరే" నొక్కుతాడు. చల్లటి గదుల్లో కూచున్న దొరలకు కావలసిందీ ఆ సరేనే.

కానీ మొగిలి సొంత వంతు పోయిన వారమే అయిపోయింది; నిన్ననే యంత్రానికి పక్కచూపు పెట్టారు. దుమ్ము కోసం తీసిన బొమ్మలోనే గుండె నాళాల్లో పేరుకున్న సున్నపు గారనూ లెక్కగడుతుంది. ఇప్పుడు దుమ్ము గడి పచ్చగానే ఉంది. దాని కింద ఎర్రగా వెలిగింది: "ఓదెలు. గుండెపోటు ముప్పు ఎక్కువ. గని దిగరాదు. పైపని, వైద్యం."

మొగిలి పకపకా నవ్వాడు. "మా బావ అదృష్టమే అదృష్టం! నీడపట్టు పని దొరికె."

"ఆ గుండె నీదిరా."

"నాకేమైతదే? నిన్నగాక మొన్న బండ ఎత్తిన."

"మెట్లెక్కితే దవడ గుంజుతుందన్నవ్ గదా."

"అది పన్నునొప్పి. లవంగం పెట్టుకున్న, చూడు." నోరు తెరిచి చూపించి, తన పేరున్న హాజరు బిళ్ల మెడలో వేసుకుని లిఫ్ట్ ఎక్కాడు.

జవాబు పడేదాకా లిఫ్ట్ కదలదు. తెర అడుగుతూనే ఉంది: పేరు సరేనా?

"నొక్కవే సమ్మన్నా! నిద్రపోతున్నవా?" లోపల్నుంచి మొగిలే అరిచాడు.

సరే అంటే ఓదెలుకు మాత్రలు, మొగిలికి పాతాళం. కాదంటే తనతో కలిపి ముగ్గురి పొట్టా కొట్టినట్టే. సమ్మయ్య వేలు "సరే" దాటి పక్క మీట మీదికి జరిగింది.

ఇన్నేళ్లలో ఎవరూ ముట్టని మీట అది. గట్టిగా ఉంది. రెండుసార్లు ఒత్తాల్సొచ్చింది.

కాదు.

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. ద్వారం ఎర్రబడింది. "పాత పేర్లన్నీ మళ్లీ చూడబడును. అందరూ వరసలోనే ఉండండి."

"ఎంత పని చేసినవే!" అన్నాడు మొగిలి, దవడ పట్టుకుని.

సమ్మయ్య కుర్చీలోంచి లేచాడు. తలెత్తి చూస్తే, వరసలో సగం మంది విప్పిన తాయెత్తులు మళ్లీ కట్టుకుని వెనక్కి జారుకుంటున్నారు.